ఆ ఈల నేనే వేశాను!

సెల్‌ఫోన్‌లో సెకండ్ షో టిక్కెట్టు. పక్క కుర్చీలో తాతయ్య. ఎదురుగా స్టేజీ మీద ఇంకా లేవని తెర. టైము తొమ్మిదింపావు. పావు తక్కువ పదికల్లా మెల్లిగా జారుకోవాలి. సినిమా చూసేసి ఒంటిగంటకి తిరిగొచ్చి, తాతయ్యని బండెక్కించుకుని ఇంటికి తీసుకుపోవాలి. ఇదీ ఆ రాత్రి నా ప్లాను!

నాది పాలకొల్లు. మా ఊరి నీళ్ళలోనే సినిమా ఉందంటారు. కాదనడానికి లేదు కూడా. అల్లు రామలింగయ్య మా ఊరాయనే. దర్శకరత్న దాసరి నారాయణరావు మా ఊరాయనే. ‘ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య’ (1982)తో దర్శకుడైన కోడి రామకృష్ణ కూడా మా ఊరాయనే. కాలేజీలో ఈ ముగ్గురి పేర్లూ చెప్పి ఎన్నిసార్లు కాలరెగరేశానో లెక్కలేదు. కానీ ఆ ముగ్గురూ కెమెరా ముందుకో, కెమెరా వెనక్కో వెళ్ళకముందు నాటకం స్టేజీ ఎక్కినవాళ్ళేనన్న సంగతి నేనెప్పుడూ పట్టించుకోలేదు. పద్యనాటకమంటే నాకు తెలిసింది ఒక్కటే... రాగం మొదలైతే మనం టీ తాగొచ్చినా అది అవదు!

ఇంకో తమాషా చెప్పనా? చైనా వాళ్ళ ‘ఫేర్‌వెల్ మై కంక్యుబైన్’ (1993) సినిమా చూసి నోరెళ్ళబెట్టినవాణ్ణి నేను. పెకింగ్ ఒపేరాలో ఆడవేషం వేసే నటుడి కథ అది. ముఖాలకి ఆ రంగులేమిటి, ఆ గొంతులేమిటి, జీవితంలో ఒక్కసారైనా ఎదురుగా కూచుని చూడాలి అని ఫ్రెండ్స్ దగ్గర తెగ ఊదరగొట్టాను. ఆ మాట విన్న తాతయ్య, “చైనా దాకా ఎందుకురా, శివరాత్రి వెళ్ళిన మర్నాడు మన పక్కవీధి పందిట్లో నాటకం ఉంది. నన్ను తీసుకెళ్ళు చాలు” అన్నాడు. ఎనభై ఏళ్ళాయన అడిగితే కాదనలేను కదా!

అన్నట్టు మా తాతయ్యా నటుడే. కుర్రతనంలో ఊళ్ళో వేసిన రాయబారం నాటకంలో సహదేవుడి వేషం. ఒకే ఒక్క పద్యం. ఇప్పటికీ రోజూ స్నానం చేస్తూ ఆ ఒక్క పద్యమే పాడతాడు. మా వీధిలో పాలబ్బాయికి కూడా అది నోటికి వచ్చేసింది!

ఒక వేషం... ముగ్గురు హీరోలు

తొమ్మిదిన్నరకి తెర లేచింది. ఆ రాత్రి మొదట ‘శ్రీకృష్ణ రాయబారం’, తర్వాత ‘హరిశ్చంద్ర’లో కాటిసీను. స్టేజీకి ఓ పక్కన హార్మోనియం, దాని వెనక తబలా. పైనించి వేలాడే మైకులు. నేను వాల్‌పోస్టరు చదివి కంగారుపడ్డాను. “తాతయ్యా, ఇదేంటి? మొదటి కృష్ణుడు ఒకాయన, రెండో కృష్ణుడు ఇంకొకాయన, మూడో కృష్ణుడు మరొకాయన అని వేశారు!”

“మరేంటనుకున్నావు? పడక సీనుకి ఒకరు, రాయబారానికి బయల్దేరే సీనుకి ఒకరు, కౌరవసభకి ఒకరు. ముగ్గురి గొంతూ వినాలి కదా జనం!” అన్నాడు తాతయ్య.

సినిమాలో ఒక హీరో మూడు వేషాలు వేస్తే మనం చప్పట్లు కొడతాం. ఇక్కడ ఒక్క వేషాన్ని ముగ్గురు హీరోలు వేస్తారన్నమాట! ముగ్గురి ఎత్తూ వేరు, లావూ వేరు, రంగూ వేరు. అయినా జనంలో ఒక్కరూ “ఇందాకటి కృష్ణుడు ఇలా లేడే” అనలేదు. కిరీటం, నెమలిపింఛం, నీలం రంగు ఉంటే కృష్ణుడే. మిగతాది గొంతు చూసుకుంటుంది.

ఇంకో సంగతి విని మరీ ఆశ్చర్యపోయాను. ఇలాంటివాటిని కాంట్రాక్టు నాటకాలంటారు. ఒక కాంట్రాక్టరు ఒక్కో ఊరినించి ఒక్కో నటుణ్ణి మాట్లాడి తీసుకొస్తాడు. దుర్యోధనుడు ఒక జిల్లా, అర్జునుడు ఇంకో జిల్లా. రిహార్సలు ఉండదు. మేకప్ రూములో “బాగున్నారా అండీ” అని పలకరించుకుని, ముఖానికి అర్దళం పూసుకుని, నేరుగా స్టేజీ ఎక్కడమే. ఎలా కుదురుతుందంటారా? నాటకం అందరికీ నోటికి వచ్చు. తిరుపతి వెంకటకవులు రాసిన పాండవోద్యోగ విజయాల పద్యాలు వందేళ్ళకి పైగా ఆంధ్రదేశంలో ఊరూరా మోగుతున్నవే. ఎన్టీఆర్ కృష్ణుడిగా వేసిన ‘శ్రీకృష్ణావతారం’ (1967)లో మన పెద్దలు అంత ఇదిగా చెప్పుకునే రాయబారం ఘట్టం కూడా ఈ నాటకం పెట్టిన భిక్షే.

పడక సీను వచ్చింది. కృష్ణుడు పట్టుదుప్పటి కప్పుకుని పడుకున్నాడు. తలవైపు దుర్యోధనుడు, కాళ్ళవైపు అర్జునుడు. కథ మనకి తెలిసిందే. కృష్ణుడు కళ్ళు తెరిచి ముందు అర్జునుణ్ణే చూస్తాడు. అది కాదు విశేషం. ఆయన లేచి కూర్చుని పద్యం అందుకున్నాడు చూడండీ... నా సెల్‌ఫోన్ జేబులో గురగురమంటోంది, థియేటర్ దగ్గర ఎదురుచూస్తున్న మా ఫ్రెండ్‌గాడు. “ఈ ఒక్క పద్యం అయ్యాక” అనుకున్నాను.

పద్యం అయింది. రాగం మొదలైంది. నేను టీ తాగడానికి లేవాల్సిన ఘట్టం ఇదే! కానీ లేవలేదు. కృష్ణుడు ఓ మెట్టు ఎక్కుతాడు, హార్మోనియం ఆ మెట్టుని పట్టుకుంటుంది. ఆయన ఇంకో మెట్టు ఎక్కుతాడు, అది మళ్ళీ అందుకుంటుంది. “ఇంకా ఉందా, ఇంకా ఎక్కుతాడా?” అని జనం ఊపిరి బిగబట్టారు. క్రికెట్‌లో ఆఖరి ఓవర్ చూసినట్టే ఉంది! పైకెళ్ళి ఒక్క చోట నిలబెట్టి, అట్నించి జారవిడిచేసరికి పందిరి ఎగిరిపోయింది. “వన్స్‌మోర్!” అని నలుమూలలా కేకలు. ఆయన మళ్ళీ పడుకుని, మళ్ళీ లేచి, మళ్ళీ పాడాడు. థియేటర్లో మనం ఎంత ఈలేసినా రీలు వెనక్కి తిరుగుతుందా?

మధ్యమధ్యలో చదివింపులు. చీటీ పుస్తకం పట్టుకుని ఓ కుర్రాడు వరసల్లో తిరుగుతుంటాడు. మనం డబ్బిచ్చి పేరు చెబితే, మైకులో “ఫలానావారు శ్రీకృష్ణుడి గానానికి మెచ్చి నూట పదహార్లు చదివించారు” అని వినిపిస్తారు. సెకండ్ షో మొదలై అరగంటయింది. టిక్కెట్టు డబ్బులు గోదాట్లో కలిశాయి. నేను మాత్రం కుర్చీలోనే ఉన్నాను.

తెర మీది గొంతు, స్టేజీ మీది గొంతు

రెండో కృష్ణుడు వచ్చే లోపల తాతయ్య పాత ముచ్చట్లు విప్పాడు. స్థానం నరసింహారావుగారని ఉండేవారట, 1902లో పుట్టి 1971లో పోయారు. మగవాడే, కానీ సత్యభామ వేషం కట్టి స్టేజీ మీద నడిస్తే ఆడవాళ్ళే ఆ నడక నేర్చుకునేవారట! 1956లో పద్మశ్రీ ఇచ్చారు. ‘శ్రీకృష్ణ తులాభారం’ నాటకంలో ఆయన పాడి పేరు తెచ్చిన పాటనే 1966 సినిమాలో జమున మీద తీశారు. పాడింది జానకి. పాట మనకి నోటికి వచ్చు, ముందు పాడినాయన పేరే చాలామందికి తెలియదు.

నాకు చటుక్కున చైనా గుర్తొచ్చింది. అక్కడ మే లాన్‌ఫాంగ్ (1894-1961) అనే మహానటుడు కూడా ఇలాగే ఆడవేషాలు కట్టి, 1930లో అమెరికా, 1935లో రష్యా వెళ్ళి అక్కడివాళ్ళని మెప్పించాడు. ఇటు స్థానం, అటు మే లాన్‌ఫాంగ్, దాదాపు ఒకే కాలం వాళ్ళు! మనవాళ్ళు వన్స్‌మోర్ అన్నట్టే అక్కడివాళ్ళు బాగా పాడితే “హావ్!” అని అరుస్తారు. బాగుంది అని అర్థం. అక్కడ ముఖం మీద ఎరుపు ఉంటే నమ్మకస్తుడు, తెలుపు ఉంటే కపటి. మనకి నీలం ఉంటే దేవుడు.

ఇంకో పోలిక వినండి. చైనాలో 1905లో తీసిన తొలి సినిమాలో చూపించింది ఏమిటో తెలుసా? పేరుమోసిన ఒపేరా నటుడు ఒకాయన అభినయించిన ఘట్టాలే. మరి మన మొదటి తెలుగు టాకీ, హెచ్.ఎం. రెడ్డిగారి ‘భక్త ప్రహ్లాద’ (1932)? అదీ సురభి వారి నాటకమే, నటులూ నాటకం వాళ్ళే. అక్కడా ఇక్కడా సినిమా అనే బిడ్డ నడక నేర్చుకుంది స్టేజీ వేలు పట్టుకునే! మన పక్క ఖండవల్లిలో పుట్టిన చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి ‘గయోపాఖ్యానం’ నాటకం కథే 1963లో ఎన్టీఆర్, ఏఎన్నార్ కలిసి వేసిన ‘శ్రీకృష్ణార్జున యుద్ధం’ కథ కూడా.

“ఈలపాట రఘురామయ్యగారి పేరు విన్నావురా?” అన్నాడు తాతయ్య. “నోట్లో వేలు పెట్టుకుని పద్యం పద్యమంతా ఈల మీద పాడేవాడు. జనం కూడా ఈలేసేవారు. నాటకంలో ఈలకి మర్యాదుండేది.”

ఆ మాట అప్పుడు నా చెవికెక్కలేదు. రెండు గంటలు పోయాక ఎక్కింది.

కాటిసీను

రెండున్నర దాటింది. మంచు దిగుతోంది. సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి. వెనక వరసల్లో నాలాంటి కుర్రాళ్ళు ఓ పదిమంది పోగయ్యాం. తాతయ్య ముందు వరసలో శాలువా కప్పుకుని కూచున్నాడు.

బలిజేపల్లి లక్ష్మీకాంతంగారి హరిశ్చంద్ర నాటకం ఇది. ఈ కాటిసీనులో గుర్రం జాషువాగారి శ్మశానం పద్యాలు కలిపి పాడటం రివాజు. నాటకం ఒకరిది, పద్యాలు ఇంకొకరివి. జనం మాత్రం రెంటినీ విడదీసి చూడరు. రాజ్యం పోయి, కాటికాపరి అయిన రాజు చేతిలో కర్రతో ఒంటరిగా నిలబడి, ఇక్కడ పడుకున్నవాళ్ళలో గొప్పవాడెవడు, బీదవాడెవడు అని ఆలోచించే ఘట్టం.

హరిశ్చంద్రుడు వచ్చాడు. డెబ్బై దాటినాయన. గోచీపంచె, గొంగళి, మసి పూసిన ముఖం. మొదటి పద్యం బాగానే అయింది. రెండో పద్యం చివర రాగం తీస్తూ పై స్థాయికి వెళ్ళాడు. అక్కడ గొంతు చీలిపోయింది. మళ్ళీ ప్రయత్నించాడు. ఈసారి కీచుమంది.

వెనక మాలో ఎవడో పకపకా నవ్వాడు. నవ్వు అంటువ్యాధి కదా. అందరం నవ్వాం. నేను అంతటితో ఊరుకోలేదు. రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని, థియేటర్లో కరెంటు పోయినప్పుడు వేస్తామే... ఆ ఈల, పొడుగ్గా వేశాను. దించెయ్యమని అర్థం వచ్చే ఈల!

పాఠకమిత్రులారా, సినిమాలో హీరో గొంతు ఎప్పుడూ చీలదు. చీలితే కట్ అంటారు, ఇంకో టేకు తీస్తారు. పెదవి ఒకరిది, గొంతు ఇంకొకరిది. ఎన్టీఆర్ పెదవి కదిపితే ఘంటసాల పాడారు. స్టేజీ మీద పెదవీ ఆయనదే, గొంతూ ఆయనదే, వయసూ ఆయనదే. కట్ అనే నాథుడు లేడు. ఆయన అలాగే నిలబడిపోయాడు. కర్ర పట్టుకున్న చెయ్యి వణకడం వెనక వరసకి కూడా కనబడింది. హార్మోనియం ఆయన మాత్రం శ్రుతి వదల్లేదు. ఆ ఒక్క స్వరాన్నే పట్టుకుని అలా మోగిస్తూనే ఉన్నాడు... పడిపోయినవాడికి చెయ్యందించినట్టు.

హరిశ్చంద్రుడు పక్కకి వెళ్ళి రెండు గుక్కలు నీళ్ళు తాగాడు. ఇంతలో మైకు గరగరలాడింది.

“శ్మశాన పద్యానికి వన్స్‌మోర్ కోరుతూ... ఇందాక ఈలవేసిన అబ్బాయి...” అంటూ నా పేరు, ఇంటిపేరుతో సహా! “...హరిశ్చంద్రుడుగారికి నూట పదహార్లు చదివించారు!”

నేను కొయ్యబారిపోయాను. ముందు వరసలో తాతయ్య వెనక్కి తిరిగి చూడలేదు. చీటీ పుస్తకం కుర్రాడు మాత్రం ఆయన దగ్గరనించి వెళ్ళడం కనబడింది. నా ఈల ఆయనకి తెలియదా? మా ఇంట్లో ఆ ఈల వినే కదా వీధి తలుపు తీస్తాడు!

స్టేజీ మీద ముసలాయన నలుమూలలా చూసి, చీకట్లోకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. నాకే! తర్వాత హార్మోనియం వైపు వంగి “రెండు మెట్లు దించండి బాబూ” అన్నాడు. మైకు దగ్గర కావడంతో అందరికీ వినబడింది.

దించి పాడాడు. ఈసారి రాగం లేదు, మెట్లు ఎక్కడం లేదు. పద్యాన్ని మాట్లాడుతున్నట్టు, పక్కనున్న సమాధితో చెబుతున్నట్టు పాడాడు. ఒక్కో మాటా వెనక వరస దాకా వచ్చి కూచుంది. మొదటిసారి పాడినప్పుడు నేను గొంతు విన్నాను. ఇప్పుడు పద్యం విన్నాను. రాజ్యం పోయినవాడి మాటలు, గొంతు పోయినవాడు చెబుతున్నాడు. అది నటనో, నిజమో నాకు తెలియలేదు. ఎన్టీఆర్ ‘సత్య హరిశ్చంద్ర’ (1965) మా ఇంట్లో టీవీలో చాలాసార్లు చూశాను. ఎన్నడూ కళ్ళు తడవలేదు. ఆ రాత్రి తడిశాయి.

పద్యం అయ్యాక చప్పట్లు లేవు, వన్స్‌మోర్ లేదు. కాసేపు ఎవరూ కదల్లేదు. తర్వాత చంద్రమతి కొడుకుని భుజాన వేసుకుని వచ్చింది, కథ సాగింది.

మేకప్ రూములో

తెల్లవారుజాము నాలుగున్నరకి తెర పడింది. తాతయ్య నన్ను వెంటబెట్టుకుని స్టేజీ వెనక్కి నడిచాడు. కొబ్బరాకు దడి, ఒక బల్బు, ఒక అద్దం. మూడో కృష్ణుడు పంచె కట్టుకుని బస్సు టైము కనుక్కుంటున్నాడు. హరిశ్చంద్రుడు కొబ్బరినూనె రాసుకుని గుడ్డతో మసి తుడుచుకుంటున్నాడు. మసి కింద మామూలు ముసలాయన. మా వీధి అరుగు మీద కూచునే ఏ పెద్దాయనైనా అలాగే ఉంటాడు.

“మా మనవడండి” అన్నాడు తాతయ్య.

ఆయన లేచి నిలబడ్డాడు! “ఆయ్, మీరేనా బాబూ? గొంతు పోయింది, ఇక దిగిపోదాం అనుకున్నానండి. అప్పుడు మీ ఈల వినబడింది. కుర్రాళ్ళు ఈలేసి ఎన్నాళ్ళయిందో! మా రోజుల్లో ఈలేస్తే ఇంకోసారి పాడమని. ఇప్పటి పిల్లలు కూడా వింటున్నారన్నమాట అనుకుని... పాడేశానండి.”

నిజంగా అలాగే అనుకున్నాడా? అంతా తెలిసే అలా అన్నాడా? యాభై ఏళ్ళు స్టేజీ మీద నిలబడ్డవాడికి ఏ ఈల ఏమిటో తెలియకుండా ఉంటుందా? ఆయన ముఖంలో వెదికాను. నూనె మెరుపు తప్ప ఏమీ కనబడలేదు. “చాలా బాగా పాడారండి” అన్నాను. ఆ మాట నిజమే. కానీ ఈల సంగతి చెప్పడానికి నోరు రాలేదు.

దారిలో బండి మీద తాతయ్య ఒక్క మాట కూడా అనలేదు. క్షీరారామ గాలిగోపురం వెనక తూరుపు తెల్లబడుతోంది. ఇంటి ముందు దిగుతూ, శాలువా మడతపెడుతూ అన్నాడు: “ఆ నూట పదహార్లూ నాకు బాకీ ఉన్నావురోయ్!”

ఆ బాకీ ఇంతవరకూ తీర్చలేదు. ఇస్తానంటే ఆయన తీసుకోవడం లేదు. “డబ్బు కాదురా, ఇంకో నాటకానికి తీసుకెళ్ళు” అంటున్నాడు. ఈసారి ఎక్కడ నాటకం ఉందో నేనే కనుక్కుంటున్నాను. పోస్టరు మీద ఆ హరిశ్చంద్రుడి పేరు కనబడితే ముందు వరసలో కూచుని, రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని, పద్యం అవగానే మళ్ళీ ఈల వేస్తాను. ఈసారి ఆయనకి ఎలా అర్థమైతే అదే దాని అర్థం!